రాముడు తాత గేటుకి అయిదు హెల్మెట్లు

నరసాపురం,
10 నవంబరు 1997.

మిలిటరీ బావకి,

నీ మరదలు వీరవేణి రాస్తున్న ఉత్తరం. మేమంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావని అత్తయ్య పెద్దాపురం నుంచి కార్డు రాసింది. క్షేమ సమాచారాలు ఇక్కడితో సరి, అసలు సంగతికి వస్తాను.

నీ కిందటి ఉత్తరం మా స్టాఫ్ రూములో చదివాను. కోప్పడకు. హిందీ టీచరు లోవలక్ష్మి నా సంచిలోంచి లాక్కుని మొదటి రెండు వాక్యాలు చదివేసింది. ఆ తర్వాత నేను చదవకపోతే ఏం బాగుంటుంది? "మా యూనిట్ గేటు దగ్గర అయిదుగురు ఇనప హెల్మెట్లు పెట్టుకుని నిలబడితే ఈగ కూడా అనుమతి అడిగే లోపలికొస్తుంది" అని రాశావే, అక్కడికి వచ్చేసరికి సైన్సు మాస్టారు టీ మింగడం మర్చిపోయారు. నాకెంత గర్వమేసిందంటే ఆ రోజు ఏడో తరగతి వాళ్ళకి హోంవర్కు ఇవ్వలేదు. మన పెళ్ళి గురించి పెద్దవాళ్ళు అనుకుంటున్న మాట ఇన్నాళ్ళూ బళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అటెండరుకి కూడా తెలిసిపోయింది. చెప్పింది నేనే.

ఇక్కడ కూడా అందరూ గేటు గురించే మాట్లాడుకుంటున్నారు. కిందటి మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలప్పుడు పిల్లల బాబాయిలూ మేనమామలూ మా ప్రహరీ గోడ మీద బారుగా కూర్చుని లోపలికి చీటీలు విసిరారు. ఒక చీటీ వచ్చి తనిఖీకొచ్చిన ఆఫీసరు గారి కాఫీలో పడింది. ఈసారి కూడా ఇలాగే జరిగితే మా సెంటరు ఎత్తేసి, పిల్లల్ని పంటు పడవ ఎక్కించి, గోదావరి అవతల సఖినేటిపల్లిలో రాయిస్తారట. మా కరస్పాండెంటు భీమరాజు గారు ఆ దిగులుతో చిక్కిపోయారు. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి కదా, కాపలా అంటే ఆయనకి తెలిసింది చెరువు గట్టు కాపలాయే.

మా గేటు దగ్గర ఉండేది రాముడు తాత. ఇరవై ఆరేళ్ళుగా గంట కొట్టేదీ గేటు తీసేదీ ఆయనే. ఒకటో తరగతిలో నేను గేటు పట్టుకుని ఏడుస్తుంటే ఎత్తుకెళ్ళి లోపల కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఆయన దగ్గరున్నవి ఒక విజిలు, మేకల్ని తోలడానికి ఒక పేము బెత్తం. పోయిన పరీక్షలప్పుడు ఆయన్ని మంచినీళ్ళ కుండల దగ్గర వేశారు. గేటు దగ్గర ఉండి ఉంటే సంగతి వేరేగా ఉండేదంటాడు.

మీ గేటు గురించి ఇంకా వివరంగా రాయి. స్టాఫ్ రూము ఎదురుచూస్తోంది.

నీ
వేణి


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
(ఊరి పేరు చెప్పకూడదు)
24 నవంబరు 1997.

వేణికి,

ఉత్తరం అందింది. స్టాఫ్ రూములో చదివినందుకు కోపం రాలేదు. కాస్త వచ్చింది గానీ సైన్సు మాస్టారి టీ దగ్గర పోయింది.

మా గేటు గురించి ఎంతని రాయను. హెల్మెట్ బరువు పెట్టుకున్నవాడికే తెలుస్తుంది. ఎంత పెద్ద ఆఫీసరైనా గేటు దగ్గర ఆగాల్సిందే, కాగితం చూపించాల్సిందే. ఇక నా డ్యూటీ సంగతి. పొద్దున్నే మూడు వందల మంది జవాన్లు నా కోసమే ఎదురుచూస్తారు. నేను సిద్ధం అనేదాకా ఒక్కడూ అడుగు ముందుకు వెయ్యడు. పొగలో పనిచేయడం అలవాటైపోయింది. కళ్ళు మండి నీళ్ళు కారుతూనే ఉంటాయి, అయినా వెనక్కి తగ్గేది లేదు. మొన్న కుడి చెయ్యి కాస్త కాలింది. కంగారు పడకు, మా డ్యూటీలో ఇది మామూలే.

మీ రాముడు తాతకి నా నమస్కారం చెప్పు. కానీ ఈ రోజుల్లో విజిలుతో గేటు ఆగదు. అది కూడా చెప్పు.

మీ అమ్మ అల్లిన లేసు రుమాలు పంపిస్తానన్నావు, ఇంకా రాలేదు.

నీ
గణేష్‌బాబు


నరసాపురం,
21 డిసెంబరు 1997.

బావా,

రుమాలు ఈ కవర్లోనే ఉంది. అంచు మీద చిన్న పువ్వు నేను అల్లింది. అందుకే వంకరగా ఉంది.

ఇక్కడ ఎన్ని జరిగాయో రాస్తాను, కూర్చుని చదువు. నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతుంటే గుమ్మంలో భీమరాజు గారు నిలబడి విన్నారు. మర్నాటి నుంచి ఆయన మనిషి మారిపోయారు. ఎక్కడో పాత మిలిటరీ సామాన్ల వేలం జరుగుతుంటే వెళ్ళి ముక్కు దాకా దిగే అయిదు ఇనప హెల్మెట్లు, అయిదు డాలులు, ఆకుపచ్చ మచ్చల బట్టలు, ఒక బైనాక్యులరు, సైరను బిగించిన ఒక జీపు పట్టుకొచ్చారు. వాటిని తన చెరువుల కాపలావాళ్ళు అయిదుగురికి తొడిగి, "ఇదిగోనండి మన రక్షణ దళం" అన్నారు.

కవాతు నేర్పే మనిషి దొరక్క ఆ పని లోవలక్ష్మికి అప్పగించారు. మిలిటరీ మాటలు హిందీలో ఉంటాయి కాబట్టి హిందీ టీచరుకే వస్తాయట. ఆవిడ కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లుకుంటూ "దాయే ముడ్" అంటుంది, ఇద్దరు కుడికీ ముగ్గురు ఎడమకీ తిరుగుతారు. జీపు సైరను మొదటిసారి మోగినప్పుడు చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ళు తుఫాను హెచ్చరికేమోనని రేడియోలు పెట్టారు. ఒకటో తరగతి పిల్లలు మాత్రం వీళ్ళు సూదులు వెయ్యడానికొచ్చారని బల్లల కింద దూరారు. ఇద్దరిని బయటికి రప్పించడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

అర్ధ సంవత్సరం పరీక్షలకి దళాన్ని దింపారు. పిల్లల కాంపాసులు మొనదేలి ఉన్నాయని లాక్కున్నారు. చీటీల కోసం అన్నం కేరేజీలన్నీ విప్పి వెతికారు. చీటీ ఒక్కటీ దొరకలేదు గానీ గుత్తివంకాయ కూర దొరికింది, అది తిరిగి కేరేజీలోకి వెళ్ళలేదు. గోడ మీద ఈసారి పిట్ట కూడా వాలలేదు. భీమరాజు గారు బైనాక్యులరు మెడలో వేసుకుని నవ్వుతూ తిరిగారు.

తీరా చూస్తే పరీక్ష గదుల్లో కిందటేడు కంటే ఎక్కువ చీటీలు.

ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎవరికీ అర్థం కాలేదు. రాముడు తాత ఒక్కడే మెట్ల మీద నిలబడి చూసి, "ఒరే దుర్గాసాయీ, మీ అక్క కూతురు హారతికి ఆ కిటికీలోంచి ఏం అందించావురా?" అని కేకేశాడు. రెండో హెల్మెట్టు టక్కున ఆగింది. బావా, మొహం కనబడకపోయినా తాత నడక చూసి పట్టేశాడు. దుర్గాసాయి ఇక్కడే చదివాడు, చిన్నప్పట్నుంచీ ఎడంకాలు కొంచెం ఈడుస్తాడు.

భీమరాజు గారు నమ్మలేదు. "యూనిఫారంలో ఉన్నవాణ్ణి పట్టుకుని ఒరే అంటావా? నీ గేటు పోతుందని కుళ్ళు నీకు" అన్నారు అందరి ముందూ. ఫిబ్రవరి నుంచి గేటు దళానిదే, రాముడు ఇంటికి వెళ్ళొచ్చు అన్నారు. తాత వెళ్ళి నాలుగో పీరియడు గంట కొట్టాడు.

ఇది ఖాయం చెయ్యడానికి ఫిబ్రవరి 7న తల్లిదండ్రుల మీటింగు పెడుతున్నారు. సగం మంది హెల్మెట్లు కావాలంటున్నారు. పిల్లలు పంటు ఎక్కాల్సి వస్తుందని వాళ్ళ భయం, దాన్ని తప్పుపట్టలేను. కానీ నీ మాటంటే భీమరాజు గారికి వేదం. బడి గేటుకి ఇవన్నీ అక్కర్లేదని నువ్వు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. రాస్తావుగా.

నీ
వేణి


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
2 జనవరి 1998.

వేణికి,

రుమాలు బాగుంది. వంకర పువ్వే ఎక్కువ బాగుంది.

మీటింగుల్లోకి నన్ను లాగకు. ఎక్కడో ఉన్నవాణ్ణి, అక్కడి సంగతులు నాకేం తెలుసు. మిలిటరీవాళ్ళు బయటి విషయాల్లో మాట్లాడకూడదని రూలు కూడా ఉంది. ఉందనే అనుకుంటున్నాను.

ఇంకో మాట. నేను డాలుల గురించి ఎప్పుడు రాశాను? జీపు, సైరను కూడా రాసినట్టు గుర్తులేదు. భీమరాజు గారికి అవి ఎలా తట్టాయో మరి.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. ఉంటాను.

గణేష్‌బాబు


నరసాపురం,
12 జనవరి 1998.

శ్రీ గణేష్‌బాబు గారికి,

మీ ఉత్తరం చేరింది. పన్నెండు వాక్యాలున్నాయి. రెండు రుమాలుకి, ఒకటి చలికి పోగా మిగిలినవి మీరు తప్పించుకోవడానికే సరిపోయాయి.

మొన్న సాయంత్రం బడి వదిలాక రాముడు తాత నా దగ్గరికొచ్చి తన విజిలు నా చేతిలో పెట్టారు. "దాచమ్మా. ఇంట్లో ఉంటే మా మనవడు ఊది పాడు చేస్తాడు" అన్నారు. ఇరవై ఆరేళ్ళ విజిలు అది, ఇత్తడి పూత పోయి నోటి దగ్గర సన్నగా అరిగింది. నేను నవ్వించాలని ఏదో అన్నాను. ఆయన నవ్వలేదు. "పిల్లలు ఎటు పోతారమ్మా అని కాదు. వచ్చేవాడు ఎవడో వాళ్ళకి తెలీదు కదా, అదే నాకు బెంగ" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ నీకు ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

మూడు వందల మంది జవాన్లు మీరు సిద్ధం అనేదాకా కదలరని రాశారు. నాకు కావలసింది ఒక్క ఉత్తరమండి. అది కూడా రాయలేనంత రూలు ఏదైనా ఉంటే, ఆ రూలు నంబరు తెలియజేయగలరు.

ఇట్లు,
వీరవేణి, టీచరు


కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
24 జనవరి 1998.

వేణీ,

నన్ను "మీరు" అనకు. ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి రెండు పూటలు పప్పు మాడ్చాను. ఎందుకు మాడిందో చెప్పాలంటే ముందు ఇది చెప్పాలి.

నేను వంటవాణ్ణి.

మిలిటరీలో చేరింది నిజం. ట్రైనింగులో తుపాకీ పట్టుకున్నదీ నిజం. ఆ తర్వాత నాలుగేళ్ళుగా పట్టుకున్నది గరిటె. మూడు వందల మంది నా కోసం ఎదురుచూసేది పొద్దున్న టీ, పూరీల కోసం. పొగ కట్టెలది, కన్నీళ్ళు ఉల్లిపాయలవి, చెయ్యి కాలింది నూనెలో. ట్రైనింగు అయ్యాక నేను హెల్మెట్ పెట్టుకున్నది ఒకే ఒక్కసారి, పెద్ద కుక్కరు మూత ఎగిరిపడేలా ఉన్నప్పుడు. ఇది ఒక్క మా అమ్మకే తెలుసు. ఎవరికీ చెప్పనని మరిడమ్మ తల్లి మీద ఒట్టు వేయించాను. మొదటి ఉత్తరంలోనే నీకు చెబుదామనుకున్నాను. "మిలిటరీ బావకి" అని నువ్వు రాయగానే చెయ్యి ఆడలేదు.

నా గొప్పలు విని ఒక పెద్దాయన గేటు పోతోంది. ఇక దాచడం నా వల్ల కాదు. కాబట్టి ఇది మీటింగులో చదువు.

అయ్యా, భీమరాజు గారూ, తల్లిదండ్రులారా. తుపాకీ చేతికిచ్చే ముందు మా ట్రైనింగు ఉస్తాదు రోజూ ఒకటే అడిగేవాడు, నీ ఎదురుగా ఉన్నది ఎవరు అని. సరిహద్దులో దానికి జవాబుంది. మీ గేటు ఎదురుగా ఉన్నది ఎవరండీ? కేరేజీ పట్టుకొచ్చిన అమ్మలు, పలక పట్టుకున్న పిల్లలు. చీటీ విసిరేవాడైనా ఎవరో ఒకరి మేనమామే. వాళ్ళ ముందు డాలు అడ్డం పెట్టుకుంటే పిల్లలకి ఏం అర్థమవుతుంది?

వంటవాడిగా నాకు తెలిసింది ఇంకొకటి చెబుతాను. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు మా జవాన్లు మూడు వందల మందీ నాకు ఒకేలా ఉంటారు. అది తీసి, పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చినప్పుడు ఎవరికి కారం పడదో, ఎవరికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదో మొహం చూసి చెప్పగలను. మీ రాముడు గారి పని కూడా అదే. దానికి హెల్మెట్ అడ్డం.

వేణీ, ఇక్కడి దాకా చదువు. కింది రెండు వాక్యాలు నీకు మాత్రమే.

వంటవాణ్ణి చేసుకోవడం నీకు ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా మా అమ్మకి ఒక కార్డు రాసెయ్యి. ఇష్టమైతే నాకు రాయి.

గణేష్‌బాబు


నరసాపురం,
9 ఫిబ్రవరి 1998.

బావా,

చూడు, నీకే రాశాను. అది ముందు చూసుకుని, తర్వాత మిగతాది నెమ్మదిగా చదువుకో.

శనివారం పదో తరగతికి ప్రీ ఫైనల్ లెక్కల పరీక్ష. అది అయ్యాక మీటింగు. హాల్లో రెండు వందల మంది, వెనక గోడకి దళం అయిదుగురూ హెల్మెట్లతో నిలబడ్డారు. రాముడు తాత బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను నీ ఉత్తరం తీశాను. "నేను వంటవాణ్ణి" దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కుక్కరు మూత దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఎవరూ ఆగలేదు. సైన్సు మాస్టారైతే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భీమరాజు గారి మొహం మాత్రం చూడలేకపోయాను పాపం.

అప్పుడు నేను ఒకటి చెప్పాల్సి వచ్చింది. నీకూ చెప్పాలి. నీ ఉత్తరాల్లో డాలులు లేవు. జీపు లేదు, సైరను అసలే లేదు. స్టాఫ్ రూములో చదువుతూ అవన్నీ నేనే కలిపాను. ఒకసారి కాపలా కుక్కల్ని కూడా పెట్టాను, కరస్పాండెంటు గారికి అవి దొరకలేదు కాబట్టి బతికిపోయాం. నువ్వు కాస్త గొప్ప చెప్పుకున్నావు. నేను నీకంటే ఎక్కువ చెప్పుకున్నాను, ఎందుకంటే నువ్వు నా బావవి. ఆ మాట రెండు వందల మంది ముందు అన్నాను. మా అమ్మ ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు.

నీ ఉత్తరంలో చివరిది, ఆ మొహం సంగతి చదివాక భీమరాజు గారు లేచారు. తర్వాత దళం వైపు తిరిగి, "తీయండ్రా హెల్మెట్లు" అన్నారు. నలుగురు తీశారు. రెండోవాడు తియ్యలేదు. ఆయన స్వయంగా వెళ్ళి తీశారు. దుర్గాసాయి. హెల్మెట్ లోపల తలకి ఆనే మెత్త కింద, వరసగా మడిచి పెట్టిన లెక్కల చీటీలు. అల్జీబ్రా ఎడమవైపు, జామెట్రీ కుడివైపు.

హాలు గొల్లుమంది. దుర్గాసాయి తల దించుకున్నాడు. ఎవరో వాణ్ణి కొట్టబోయారు. అప్పుడు రాముడు తాత లోపలికొచ్చాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, "కొట్టకండి. వాడి అక్క కూతురు లెక్కల్లో కాస్త వెనకండి, వీడికి అది బెంగ. గోడ మీద కూర్చుంటే నేను చూస్తానని వీడికి సిగ్గు ఉండేది. మొహం కప్పింది మనమండి" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ ఓట్లు లెక్కపెట్టలేదు. భీమరాజు గారు తాత దగ్గరికి వచ్చి, "రాముడూ, ఆ రోజు అందరి ముందూ నిన్ను అనరాని మాట అన్నాను, అందరి ముందే చెబుతున్నాను, తప్పు నాదే" అన్నారు. పెద్ద మనిషి, ఆ మాట అనడం ఆయనకి హెల్మెట్ కంటే బరువైన పని అయింది. నేను సంచిలోంచి విజిలు తీసి తాతకి ఇచ్చేశాను. ఆయన జేబు రుమాలుతో తుడిచి, అక్కడే ఒకసారి ఊదాడు. అలవాటు కొద్దీ రెండు వందల మందీ లేచి నిలబడ్డారు.

హారతికి రోజూ సాయంత్రం నేను లెక్కలు చెబుతున్నాను. దుర్గాసాయి గుమ్మం బయట కూర్చుని వింటున్నాడు, ఈపాటికి ఆమె కంటే వాడికే ఎక్కువ వచ్చినట్టుంది.

నీ చివరి రెండు వాక్యాలు అక్కడ పైకి చదవలేదు. కానీ కాగితం వెనక్కి తిప్పి దాచుకోవడం లోవలక్ష్మి చూసేసింది. ఇప్పుడు అటెండరుకి కూడా తెలుసు. ఈసారి చెప్పింది నేను కాదు.

నీ
వేణి


నరసాపురం,
13 ఏప్రిల్ 1998.

వంటల బావకి,

పరీక్షలు అయిపోయాయి. మా సెంటరు ఇక్కడే ఉంది, పిల్లలెవరూ పంటు ఎక్కలేదు.

మొదటి రోజు గోడ దగ్గరికి పదిమంది చేరారు. రాముడు తాత గేటు ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కొక్కరినీ పలకరించడం మొదలుపెట్టాడు. "ఏమయ్యా, మీ నాన్నకి మోకాలు నెప్పి తగ్గిందా? నువ్వు అయిదో తరగతిలో చూసి రాసి దొరికినప్పుడు ఆయనే కదా వచ్చి తీసుకెళ్ళింది?" అనేసరికి అతను గోడ దిగి సైకిలెక్కాడు. మూడో రోజు నుంచి గోడ ఖాళీ. హారతి లెక్కలు తనే రాసింది, బాగానే రాశానంటోంది. భీమరాజు గారు జీపు చెరువుల దగ్గరికి పంపించేశారు. సైరనుకి కొంగలు లేచిపోతున్నాయని అక్కడ బాగా పనికొస్తోందట. ఒక హెల్మెట్ తాత ఉంచుకున్నాడు. దాన్ని తిరగేసి పక్షులకి నీళ్ళు పెట్టాడు, ఒకటో తరగతి పిల్లలే రోజూ నింపుతున్నారు.

నీకు సెలవు దొరికిందని అత్తయ్య రాసింది. రైలు నరసాపురంతో ఆగిపోతుంది, కాబట్టి దిగడం మర్చిపోయే వీలు లేదు. స్టేషనుకి నేను రాను, బడి ఉంటుంది. నువ్వే బడికి రా. పెళ్ళి వంట నువ్వు చేస్తానంటే మా అమ్మ ఒప్పుకోవడం లేదు, పెళ్ళికొడుకు పీటల మీద కూర్చోవాలట. పులిహోర ఒక్కటీ ముందే కలిపేసి కూర్చుంటాడని చెప్పాను.

ఇప్పుడే రాముడు తాత వచ్చి ఎవరికమ్మా ఉత్తరం అని అడిగి, నీకని తెలిసి పక్కనే నిలబడ్డాడు. తన మాటగా ఇది రాయమంటున్నాడు:

"బాబూ, మీ ఉత్తరం మెట్ల మీంచి విన్నానండి. మీరెవరో నాకు ఎరుక లేదు. ఎవరైనా సరే, గేటు దగ్గర ఆపుతాను. కాగితాలేమీ చూపించక్కర్లేదండి. టోపీ గట్రా పెట్టుకోకుండా వస్తే ఒకసారి మొహం చూసి తీస్తాను. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అడగను."

రా బావా. తాత గేటు దగ్గరే ఉంటాడు.

నీ
వేణి